అట్టపెట్టెలో ఆరు సినిమాటోగ్రఫీ పుస్తకాలు: ఏది మళ్ళీ చదవాలి, ఏది ఊరికే దాచుకోవాలి

కెమెరా మాన్యువల్‌లో ఫుటేజ్ టేబుల్ (ఎన్ని అడుగుల ఫిల్మ్ ఎంతసేపు నడుస్తుందో చెప్పే పట్టిక) ఉన్న పేజీ మీద నా బొటనవేలి ముద్ర ఇంకా అలాగే ఉంది. కెమెరా మ్యాగజైన్‌లో (ఫిల్మ్ డబ్బాలో) ఫిల్మ్ లోడ్ చేసిన చేత్తోనే పేజీ తిప్పినట్టున్నాను, నల్లటి మరక. పక్కన పెన్సిల్‌తో ఒక లెక్క: 400 అడుగులు, 4 నిమిషాల 26 సెకన్లు. 35 ఎంఎం ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు తింటుంది కాబట్టి లెక్క సరిగ్గానే ఉంది. దాని కింద రెండు గీతలు కొట్టి ఇంకో ముక్క రాసుకున్నాను: "చివరి 20 అడుగులు లేనట్టే అనుకో. పెద్ద డైలాగ్ అక్కడ పెట్టుకోకు."

ఇరవై ఏళ్ళకు పైగా మూత తియ్యని అట్టపెట్టె అది. కెమెరా అసిస్టెంట్‌గా ఉన్న రోజుల్లో ఎక్కడికెళ్తే అక్కడికి మోసుకెళ్ళిన ఆరు పుస్తకాలు అందులో ఉన్నాయి. అన్నీ మళ్ళీ చదివేద్దామని కూర్చున్నాను. నెల తిరిగేసరికి ఒక సంగతి అర్థమైంది. అన్నిటికీ సమానంగా టైమ్ ఇవ్వడం దండగ. ఒకటి పూర్తిగా కాలం చేసింది. అప్పట్లో విసుక్కుంటూ చదివినది ఇప్పుడు రోజూ పనికొస్తోంది. గొప్పగా అనుకున్నదొకటి నన్ను కొన్నాళ్ళు తప్పుదారి పట్టించిందని కూడా తేలింది, అందులో పుస్తకం తప్పేమీ లేకపోయినా.

మీ దగ్గరా ఇలాంటి పెట్టె ఉంటే, లేదా ఈ పాత పుస్తకాల్లో ఒకటో రెండో కొందామనుకుని ఏవో తేల్చుకోలేకపోతుంటే, నేను చూసినంతలో పోల్చి చెబుతాను.

ముందు ఏం చూసుకోవాలి

పాత టెక్నికల్ పుస్తకం అనగానే "ఇంకా పనికొస్తుందా?" అని అడుగుతారు. పుస్తకం మొత్తానికి కలిపి దీనికి ఒకే జవాబు ఉండదు, ఎందుకంటే ఒకే అట్టల మధ్య మూడు రకాల సరుకు ఉంటుంది. మొదటిది సామాను: కెమెరా మోడళ్ళు, ఫిల్మ్ స్టాకులు, లైట్ల పేర్లు. అన్నిటికంటే ముందు పాతబడేవి ఇవే. వీటితో ప్రమాదం కూడా లేదు, చూడగానే పాతవని తెలిసిపోతుంది. మూడోది కారణాలు: లైట్ పక్క నుంచి పడితే చెంప ఎముక ఎందుకు లేచి కనిపిస్తుంది, ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు వాళ్ళని కలిపే ఊహా గీతని కెమెరా దాటితే చూసేవాడు ఎందుకు తికమకపడతాడు. ఇవి పాతబడవు.

చిక్కంతా మధ్యలో ఉన్న రెండోదానితో, అంకెలతోనే. కొన్ని అంకెలు ఎప్పటికీ నిలుస్తాయి. లైట్ ఎంత కావాలో చెప్పే పాత లెక్క ఒకటుంది: ఫిల్మ్ స్పీడ్ (వెలుగుకి ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె) 100, సెకనుకు 24 ఫ్రేములు, మామూలు 180 డిగ్రీల షట్టర్ అయితే 100 ఫుట్‌క్యాండిల్స్ (వెలుగు కొలత) వెలుగుకి స్టాప్, అంటే లెన్సు ఎంత తెరవాలో చెప్పే అంకె, 2.8. నేటి డిజిటల్ కెమెరాకి కూడా ఇది సరిపోతుంది. ఐఎస్ఓ (డిజిటల్‌లో ఫిల్మ్ స్పీడ్ లాంటిదే) 800 పెట్టుకుంటే ఎనిమిదో వంతు చాలు, అంటే పన్నెండున్నర ఫుట్‌క్యాండిల్స్. లైట్ మీటర్ బ్యాటరీ అయిపోయిన రోజు ఈ ఒక్క ముక్కతో సెట్‌లో పని నడిపించాను. ఇంకొన్ని అంకెలు మాత్రం ఎప్పుడో ప్రాణం పోయినా బతికున్నట్టే కనిపిస్తాయి. ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా పదునుగా పడుతుందో చెప్పే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ టేబుళ్ళు అలాంటివే, వాటి సంగతి కింద చెబుతాను.

రెండో కొలబద్ద ప్రింటు. చాలామంది దీన్ని పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు. లైటింగ్ పుస్తకంలో పాఠం అక్షరాల్లో సగం, ఫొటోల నీడల్లో సగం ఉంటుంది. నీడలో వివరం చచ్చిపోయిన ప్రింటు చేతికొస్తే సగం పుస్తకమే చదివినట్టు.

మూడోది, పుస్తకం మీ చేతులకు పని పెడుతుందా లేదా అన్నది. కొన్నిటిని పడుకుని చదువుకోవచ్చు. కొన్ని చీకటి గదీ, బల్బూ, కూర్చోడానికి ఒక మనిషీ లేకపోతే అర్థం కావు.

అన్నిటికంటే ముఖ్యమైనది నాలుగోది: ప్రస్తుతం మీ పనిలో ఎక్కడ ఇబ్బంది పడుతున్నారు? లైటింగ్‌లోనా, కట్ కుదరడంలోనా, ఎక్స్‌పోజర్‌లోనా (కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది), లేక అన్నీ వచ్చి కూడా ఏం చెయ్యాలో తేల్చుకోలేకపోతున్నారా? పుస్తకం పేరు ఎంత పెద్దదో చూసి కాకుండా ఈ ఇబ్బందిని బట్టి ఎంచుకోండి.

జాన్ ఆల్టన్: పెయింటింగ్ విత్ లైట్

ఇది 1949లో వచ్చింది. ఆల్టన్ హంగరీలో పుట్టి హాలీవుడ్ చేరినవాడు. 'టి-మెన్', 'ది బిగ్ కాంబో' లాంటి నలుపు-తెలుపు క్రైమ్ సినిమాల్లో ఆ చిక్కటి నీడలు ఆయనవే. ఆస్కార్ మాత్రం రంగుల సినిమాకి వచ్చింది, 'యాన్ అమెరికన్ ఇన్ పారిస్'లో బ్యాలే భాగానికి.

నా పెట్టెలో ఉన్నది స్పైరల్ బైండింగ్ చేయించిన జిరాక్స్ కాపీ. మొదటి పేజీ మూలన నేనే రాసుకున్నాను: "పాత చింతకాయ పచ్చడి." అప్పటి గర్వం అలా ఉండేది మరి. ఆ జిరాక్స్‌లో నీడలన్నీ తారు ముద్దల్లా ఉన్నాయి. ముఖం మీద లైట్ ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలవుతోందో చూపించాలని పెట్టిన ఫొటోలో సగం ముఖమే లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక స్నేహితుడి ఇంట్లో మంచి ప్రింటు చూశాను. అదే ఫొటోలో నల్లగా ఉందనుకున్న చెంప మీద పల్చటి వెలుగు పాకుతూ దవడ అంచు దాకా వెళ్ళింది. నేను కొట్టిపారేసింది జిరాక్స్ మెషీన్‌నని, ఆల్టన్‌ని కాదని అప్పుడు తెలిసింది.

ఈ పుస్తకంలో ఇప్పటికీ బంగారం లాంటిది ముఖానికి లైట్ వెతికే పద్ధతి. పెద్ద లైట్లు పెట్టేముందు ఒక చిన్న బల్బు పట్టుకుని ముఖం చుట్టూ తిప్పి, ఆ ముఖానికి ఏ చోటు కుదురుతుందో చూసుకోమంటాడు. మొన్న మళ్ళీ చేసి చూశాను. చీకటి గది, తీగకు వేలాడే ఒక్క బల్బు, ఎదురుగా కుర్చీలో మా మేనల్లుడు. బల్బు సూటిగా ముందుంటే ముఖం పలకలా చదునుగా ఉంది. పైకెత్తితే ముక్కు నీడ పెదవి మీదికి జారి మీసంలా నిలిచింది. పక్కకి జరిపాను. ముక్కు నీడ వెళ్ళి చెంప నీడతో కలిసింది, అవతలి కంటి కింద చిన్న త్రికోణం మిగిలింది. ఇంకో జానెడు జరిపితే ఆ కన్ను ఆరిపోయింది. కిందికి దించితే నీడలన్నీ తలకిందులై, పాపం, కుర్రాడు దొంగలా తయారయ్యాడు. పది నిమిషాల పని ఇది. నేడు ఎల్ఈడీ ప్యానెల్ పట్టుకున్నా ఇదే లెక్క.

పాతబడినవి కూడా ఉన్నాయి, దాచడమెందుకు. ఆడవాళ్ళను అందంగా చూపించడానికి ఆయన పెట్టిన నియమాలు ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. బ్యాక్ లైట్ (మనిషి వెనక నుంచి వేసేది) విషయం ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. నలుపు-తెలుపులో మనిషిని వెనక గోడ నుంచి విడదీయడానికి వెలుగులో తేడా తప్ప దారి లేదు, అందుకే ప్రతి తల వెనకా ఒక మెరుపు. రంగుల్లో ఆ పని చొక్కా రంగో గోడ రంగో చేసిపెడుతుంది. ఆల్టన్ చెప్పినట్టు ప్రతి షాట్‌లో బ్యాక్ లైట్ పెడితే ఈ రోజు అది అతికించినట్టుంటుంది. ఎందుకు పెట్టాడో అది మాత్రం తీసుకోండి.

జోసెఫ్ మాషెల్లి: ది ఫైవ్ సీస్ ఆఫ్ సినిమాటోగ్రఫీ

1965 నాటిది. కెమెరా యాంగిల్స్, కంటిన్యూటీ (షాట్‌కీ షాట్‌కీ పొంతన), కటింగ్, క్లోజప్‌లు, కంపోజిషన్ అని ఐదు భాగాలు. లైటింగ్ నేర్చుకోవాలని ఇది కొంటే నిరాశపడతారు, దీని దృష్టి వేరే. షాట్ పక్కన షాట్ ఎలా కూర్చుంటుంది అన్నదే దీని గొడవంతా.

కుర్రతనంలో ఇది నాకు పరమ విసుగు. చెప్పిందే చెబుతాడు, మాట పొడిగా ఉంటుంది, ఫొటోల్లో చాలావాటికి నాటకంలో ఉన్నంత జీవం కూడా లేదు. ఆ విసుగు ఫలితం సొంతంగా తీసిన మొదటి పనిలోనే అనుభవించాను. ఒక జంట బెంచీ మీద మాట్లాడుకునే సీను. మధ్యలో ఎండ మారిందని కెమెరా అవతలికి పట్టుకెళ్ళి రెండో క్లోజప్ తీశాను, ఇద్దరినీ కలిపే గీత దాటానన్న ధ్యాసే లేదు. ఎడిటర్ ఫోన్ చేసి అడిగాడు: "వీళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారా, ఒకే బస్సు కోసం చూస్తున్నారా?" ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు మరి. ఆ రాత్రి కంటిన్యూటీ భాగం మొత్తం చదివాను.

ఒక్కరే కెమెరా పట్టుకుని తిరిగేవాళ్ళకి ఇందులో ఒక చిట్కా ఉంది, దాన్ని ట్రిపుల్ టేక్ పద్ధతి అంటాడు. ఒక షాట్ చివర జరిగిన పనిని తర్వాతి షాట్ మొదట్లో మళ్ళీ చేయించడం. మనిషి తలుపు తీసి లోపలికి వెళ్ళాడు, బయట నుంచి తీశారు. ఇప్పుడు లోపల నుంచి తీసేటప్పుడు, వచ్చేసిన మనిషితో కాకుండా తలుపు తెరుచుకోవడంతోనే మొదలుపెట్టండి. రెండు సెకన్లు ఎక్కువ తీశారు, అంతే. ఎక్కడ కట్ చెయ్యాలన్నది ఎడిటర్ చేతికి వచ్చింది. స్క్రిప్టు లేకుండా డాక్యుమెంటరీలు, పెళ్ళిళ్ళు, యూట్యూబ్ వీడియోలు తీసేవాళ్ళకి ఈ ఒక్క అలవాటు పుస్తకం ఖరీదు చేస్తుంది.

నష్టం లేకపోలేదు. ఇందులో చెప్పినవన్నీ అక్షరం పొల్లుపోకుండా పాటిస్తే సినిమా పాఠ్యపుస్తకంలా తయారవుతుంది. జంప్ కట్లూ, చేతి కెమెరాతో పొడవాటి టేకులూ చూసి పెరిగిన కళ్ళకి చాదస్తంగా తోస్తుంది. నా మట్టుకు నాకు మాత్రం ఈ ఆరింటిలో ఇప్పుడు ఎక్కువగా చేతికొస్తున్నది ఇదే.

అమెరికన్ సినిమాటోగ్రాఫర్ మాన్యువల్

దీని తొలి ఎడిషన్ 1960లో వచ్చింది, కూర్చినది పైన చెప్పిన మాషెల్లియే. జేబులో పట్టేంత పుస్తకం, నిండా టేబుళ్ళు. మా తరం అసిస్టెంట్లకి ఇది లేకుండా సెట్‌కి వెళ్ళడమంటే చెప్పుల్లేకుండా వెళ్ళినట్టే.

బాధగానే ఉంది కానీ, పాత ఎడిషన్‌ని పని కోసం మళ్ళీ తెరవొద్దు. కారణం చూడండి. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ టేబుల్ వెనక ఒక ఊహ ఉంటుంది: ఎంత చిన్న మసకని కన్ను పదునుగానే ఒప్పుకుంటుంది? దాన్నే సర్కిల్ ఆఫ్ కన్‌ఫ్యూజన్ అంటారు. 35 ఎంఎంకి పాతకాలం లెక్క అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 0.025 మిల్లీమీటర్లు. ఆ లెక్కన 50 ఎంఎం లెన్సు, స్టాప్ 2.8, మనిషి 3 మీటర్ల దూరంలో ఉంటే దాదాపు 2.77 నుంచి 3.27 మీటర్ల దాకా పదును. అర మీటరు! నటుడు కాస్త ముందుకు వంగినా భయం లేదనుకుంటాం. అదే 4కె లో తీసి పెద్ద తెర మీద చూసేటప్పుడు ఆ మసకను సగానికి కుదించి లెక్కేస్తే 2.88 నుంచి 3.13 మిగులుతుంది, పావు మీటరు. టేబుల్ అబద్ధం చెప్పలేదు, కానీ అది ఒట్టేసింది వేరే తెరకి. నేను ఆ పాత టేబుల్ నమ్మి తీసిన ఒక క్లోజప్ మానిటర్ మీద బాగుంది, థియేటర్లో చూస్తే చెవి పదునుగా, కన్ను మెత్తగా ఉంది. ఆ షాట్ ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది.

నిలిచిన అంకెలూ కొన్ని ఉన్నాయి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట 24 ఫ్రేములతో తీసేటప్పుడు లైట్లు మినుకుమినుకుమనకుండా షట్టర్ 172.8 డిగ్రీలు పెట్టడం లాంటివి. 24ని 360తో గుణించి 50తో భాగిస్తే వచ్చేది అదే. కానీ ఇవన్నీ ఇప్పుడు ఫోన్‌లో యాప్ చెబుతుంది, కొత్త ఎడిషన్‌లోనూ ఉంటాయి. రిఫరెన్స్ పుస్తకం విషయంలో నా నియమం ఒకటే: కొంటే కొత్తది కొను, పాతది జ్ఞాపకానికి ఉంచుకో.

మాస్టర్స్ ఆఫ్ లైట్

డెన్నిస్ షేఫర్, లారీ సాల్వటో కలిసి చేసిన ఇంటర్వ్యూల పుస్తకం, 1984. గోర్డన్ విల్లిస్, కాన్రాడ్ హాల్, విట్టోరియో స్టొరారో, విల్మోస్ జిగ్మండ్, హాస్కెల్ వెక్స్‌లర్ లాంటి పదిహేను మంది సినిమాటోగ్రాఫర్లు మాట్లాడతారు. ప్రింటు ఎలా ఉన్నా పర్వాలేదు, ఈ-బుక్ అయినా చాలు. దీని బలమంతా మాటల్లోనే.

ఇది మొదటి పుస్తకంగా కొనకండి. స్టాపు (వెలుగు రెట్టింపో సగమో అయ్యే మెట్టు) అంటే ఏమిటో చేతికి తెలియని దశలో "స్టాపున్నర తక్కువ పెట్టాను" అని ఎవరైనా చెబితే అది కథలా వినిపిస్తుంది, అంతే. పదేళ్ళు పని చేశాక చదివితే అదే వాక్యం దగ్గర ఆగిపోతాం, అంత ధైర్యం ఎలా వచ్చిందా అని.

అందులోని పద్ధతులు కొన్ని పూర్తిగా పోయాయి. జిగ్మండ్ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఫ్లాషింగ్ ఉంది, 1971లో 'మెక్‌కేబ్ అండ్ మిసెస్ మిల్లర్'కి వాడినది. నెగటివ్‌ని కడగకముందే దాని మీద పల్చగా సమానమైన వెలుగు పడనిస్తే నీడలు కాస్త పైకి లేస్తాయి, రంగులు మెత్తబడతాయి. ఇప్పుడు ఆ పని గ్రేడింగ్‌లో, అంటే తీశాక రంగులు దిద్దేటప్పుడు, ఒక నాబ్ తిప్పితే అవుతుంది. అయినా అది చదవాల్సిందే, ఎందుకంటే వెనక్కి తీసుకోలేని నిర్ణయం తీసుకునేవాడు ఎలా ఆలోచిస్తాడో అక్కడ కనిపిస్తుంది. "తర్వాత చూసుకుందాం" అన్న మాట లేని కాలం అది.

నెస్టర్ ఆల్మెండ్రోస్: ఎ మ్యాన్ విత్ ఎ కెమెరా

ఫ్రెంచిలో 1980లో, ఇంగ్లీషులో 1984లో వచ్చింది. కెమెరామన్‌గా రోమర్, ట్రూఫో లాంటి ఫ్రెంచి దర్శకులతో చేసిన సినిమాలను ఒక్కొక్కటిగా తీసుకుని, ఎక్కడ ఏ లైట్ ఎందుకు పెట్టాడో, ఎందుకు పెట్టలేదో చెబుతాడు. ఆరింటిలో హాయిగా చదివించే పుస్తకం ఇదే.

'డేస్ ఆఫ్ హెవెన్' అధ్యాయం ఒక్కటి చాలు. సూర్యుడు దిగాక మిగిలే ఆ వెలుగుని మ్యాజిక్ అవర్ అంటారు కానీ గంట ఎక్కడిది, చేతికి దొరికేది ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. రోజంతా రిహార్సల్ చేసి ఆ కాస్తలో తియ్యాలి. మిడతల దండు సీనుకి హెలికాప్టర్ నుంచి వేరుశనగ తొక్కలు కిందికి పోయించి, నటులను వెనక్కి నడిపించి, కెమెరాలో ఫిల్మ్‌ని వెనక్కి తిప్పారు. తెర మీద చూస్తే మిడతలు నేల నుంచి లేస్తున్నట్టు ఉంటుంది. ఆ సినిమాకి ఆల్మెండ్రోస్‌కి ఆస్కార్ వచ్చింది. ఆయన వేరే సినిమాకి వెళ్ళాల్సి రావడంతో మిగతా భాగం తీసింది వెక్స్‌లర్. ఆ ఇద్దరూ 'మాస్టర్స్ ఆఫ్ లైట్'లో మాట్లాడతారు కాబట్టి ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే మజా.

నన్ను తప్పుదారి పట్టించిందన్నది దీన్నే. సహజమైన వెలుగు అనగానే లైట్లు అక్కర్లేదనుకున్నాను. ఒక చిన్న సినిమాకి "కిటికీ చాలు" అని ప్రకటించి లైట్ల బండిని వెనక్కి పంపించేశాను. పొద్దున తీసిన వైడ్ షాట్‌లో కిటికీ వెలుగు నీలంగా, మెత్తగా ఉంది. మధ్యాహ్నం క్లోజప్‌కి వచ్చేసరికి ఎండ చుట్టూ తిరిగి నేల మీద పసుప్పచ్చగా పడింది. రెండూ ఒకే సీను అంటే మా అమ్మ కూడా నమ్మలేదు. ఈసారి నిదానంగా చదివితే ఆయన చెప్పింది వేరే. వెలుగు ఏ వైపు నుంచి రావడం సహజమో చూసుకుని, అదే వైపు నుంచి తన లైటూ పెడతాడు, ఎండని అద్దాలతో లోపలికి మళ్ళిస్తాడు. కొత్తవాళ్ళు దీన్ని ఆల్టన్ తర్వాతే చదివితే మంచిది. లైట్ పెట్టడం వచ్చినవాడికే దాన్ని తీసెయ్యడం తెలుస్తుంది.

యాన్సెల్ ఆడమ్స్: ది నెగటివ్

ఇది స్టిల్ ఫొటోగ్రఫీ పుస్తకం. మొదట 1948లో వచ్చింది, 1981లో ఆయనే తిరగరాశాడు. సినిమా పుస్తకాల మధ్య ఇదెందుకంటే ఎక్స్‌పోజర్ గురించి ఇంతకంటే తేటగా చెప్పినది నేను చదవలేదు.

స్పాట్ మీటర్ (ఒక చిన్న చోటి వెలుగుని కొలిచేది) దేన్ని చూపిస్తే దాన్ని మధ్యస్థ బూడిద రంగు చేసేస్తుంది. తెల్ల గోడని కొలిచినా బూడిదే, నల్ల కోటుని కొలిచినా బూడిదే. కాబట్టి కొలవడం సగం పని, కొలిచినదాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయించడం మిగతా సగం. దానికి ఆయన సున్నా నుంచి పది దాకా పదకొండు జోన్లు పెట్టాడు, ఒక్కోదానికీ తర్వాతిదానికీ మధ్య ఒక్కో స్టాపు తేడా, నడిమి ఐదోది 18 శాతం బూడిద. డిజిటల్‌లో ఇదేమీ మారలేదు. సోనీ కెమెరాల ఎస్-లాగ్3 రికార్డింగ్ పద్ధతిలో ఆ 18 శాతం బూడిద వేవ్‌ఫామ్ (వెలుగుని చూపే గ్రాఫ్) మీద 41 శాతం దగ్గర కూర్చుంటుంది. మానిటర్‌లో ఫాల్స్ కలర్ (ఒక్కో వెలుగు స్థాయిని ఒక్కో రంగులో చూపేది) పెట్టుకుంటే మీరు చూసేది జోన్లకు రంగులు పూసిన బొమ్మే.

ఒక్క చోట ఆగి చదవాలి. తెల్లవాళ్ళ చర్మాన్ని ఆరో జోన్‌లో, అంటే మీటర్ చెప్పినదానికన్నా ఒక స్టాపు పైన పెట్టమంటాడు. చామనఛాయ ముఖానికి అది గుడ్డిగా పాటిస్తే సున్నం కొట్టినట్టవుతుంది. ఐదో జోన్, ఇంకాస్త నలుపైతే నాలుగు కూడా సరిపోతాయి. పాత పుస్తకాలన్నిటిలో చర్మం గురించి ఏ అంకె కనిపించినా ముందు "ఎవరి చర్మం?" అని అడగండి.

నెగటివ్ కడిగే రసాయనాల పేజీలు చాలానే ఉంటాయి. ఫిల్మ్ వాడనివాళ్ళు వాటిని నిరభ్యంతరంగా దాటెయ్యొచ్చు.

ఒక్క చూపులో

| పుస్తకం | ఇప్పటికీ నిలిచినది | పాతబడినది | మంచి ప్రింటు కావాలా | ఎలా చదవాలి |
|---|---|---|---|---|
| పెయింటింగ్ విత్ లైట్ | ముఖానికి లైట్ వెతకడం | గ్లామర్ నియమాలు, ప్రతిచోటా బ్యాక్ లైట్ | తప్పనిసరి | బల్బు చేతిలో పట్టుకుని |
| ఫైవ్ సీస్ | షాట్లు కలిసే తీరు | ఫొటోలు, చాదస్తం | ఓ మోస్తరు చాలు | ఎడిటింగ్ చేస్తూ, భాగం తర్వాత భాగం |
| మాన్యువల్, పాత ఎడిషన్ | కొద్ది సూత్రాలు | ఫిల్మ్ స్టాకులు, ఫోకస్ టేబుళ్ళు | అక్కర్లేదు | జ్ఞాపకానికి |
| మాస్టర్స్ ఆఫ్ లైట్ | నిర్ణయాల వెనక ఆలోచన | ల్యాబ్ పద్ధతులు | అక్కర్లేదు | రోజుకో ఇంటర్వ్యూ |
| ఎ మ్యాన్ విత్ ఎ కెమెరా | వెలుగు వచ్చే దిక్కు | పెద్దగా లేదు | ఓ మోస్తరు చాలు | ఆ సినిమా చూసి, ఆ అధ్యాయం |
| ది నెగటివ్ | ఎక్స్‌పోజర్ ఆలోచన | రసాయనాలు | కావాలి | స్పాట్ మీటరో ఫాల్స్ కలరో పక్కన పెట్టుకుని |

ఎవరికి ఏది

ఇప్పుడిప్పుడే ఫోనుతోనో చిన్న కెమెరాతోనో మొదలుపెట్టినవాళ్ళు ఒక్కటే కొనగలిగితే మాషెల్లిని కొనండి. లైటింగ్ బాగా లేని సీనుని కూడా జనం చూస్తారు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కాని సీనుని చూడరు. రెండోది కొనే వీలుంటే ఆల్టన్.

ఫోకస్ పుల్లర్లకీ (షాట్ నడుస్తుండగా ఫోకస్ సరిచేసేవాళ్ళు) కెమెరా అసిస్టెంట్లకీ ఈ పెట్టెలో అంతగా ఏమీ లేదు, కొత్త మాన్యువల్ తప్ప. మీ పాఠం చేతుల్లోనూ దూరం అంచనాలోనూ ఉంది. ఖాళీ దొరికితే ఆడమ్స్ చదవండి. కెమెరామన్ మీటర్ చూసి ఏం ఆలోచిస్తున్నాడో ముందే పసిగట్టగలిగితే మీ పని తేలికవుతుంది.

చాలా ఏళ్ళుగా పనిచేస్తూ, చేసిందే చేస్తున్నామని విసుగొచ్చినవాళ్ళ సంగతి వేరు. మీకు సమాచారం అక్కర్లేదు, కుదుపు కావాలి. 'మాస్టర్స్ ఆఫ్ లైట్' తీసుకోండి. ఒకే సమస్యకి ఇద్దరు పెద్దవాళ్ళు రెండు వేరు దారులు చెబుతుంటే, మనం ఒకే దారి ఉందని ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టామా అనిపిస్తుంది. ఆ తర్వాత ఆల్మెండ్రోస్.

దర్శకులూ ఎడిటర్లూ మాషెల్లితో మొదలుపెట్టి ఆల్మెండ్రోస్‌తో ఆపెయ్యొచ్చు. ఆడమ్స్ జోలికి పోవద్దు, మీ కెమెరామన్‌తో అనవసరంగా గొడవలొస్తాయి.

ఫిల్మ్ మీద తియ్యాలని సరదాపడే కుర్రవాళ్ళకి మాత్రం ఈ వరస తిరగబడుతుంది. ఆడమ్స్‌లో నేను దాటెయ్యమన్న పేజీలు వాళ్ళకి ముఖ్యం, పాత మాన్యువల్‌లో ఫుటేజ్ టేబుల్ మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది.

ఏ కాపీ కొనాలి

ఆల్టన్‌కి 1995లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్ వేసిన రీప్రింటు ఉంది, మాషెల్లికి 1998 నాటి సిల్మన్-జేమ్స్ ప్రింటు ఉంది. మొదటి ముద్రణ కోసం వెతుక్కోవడం సేకరించేవాళ్ళ సరదా, చదువుకునేవాళ్ళకి అవసరం లేదు. ఆల్టన్, ఆడమ్స్ విషయంలో జిరాక్సులూ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లూ వద్దు. కొనేముందు ఒక చీకటి ఫొటో తెరిచి, నీడలో ఏమైనా కనిపిస్తోందో లేదో చూడండి. మీ దగ్గరున్న పాత కాపీలో ఆర్ట్ పేపర్ పేజీలు చెమ్మకి అతుక్కుని ఉంటే గుంజకండి, ఫొటో పై పొర ఊడొచ్చేస్తుంది.

అంచుల్లో మీరే రాసుకున్న పిచ్చి రాతలు ఉన్న కాపీని కొత్తది కొన్నాక కూడా ఉంచుకోండి. ఆల్టన్ మంచి ప్రింటు తెప్పించుకున్నాను, జిరాక్స్ కాపీని మాత్రం పారేయలేకపోయాను. "పాత చింతకాయ పచ్చడి" కింద ఇప్పుడు ఇంకో రంగు ఇంకుతో తేదీ వేసి, "క్షమించాలి" అని రాశాను.

మాన్యువల్‌ని నా ఫోకస్ పుల్లర్‌కి ఇద్దామని సెట్‌కి పట్టుకెళ్ళాను. పేజీలు తిరగేసి, మరక ఉన్న చోట ఆగి, పెన్సిల్ ముక్క చదివాడు. ఫోన్ తీసి ఆ పేజీని ఫొటో తీసుకుని పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. సాయంత్రం కెమెరా మెమరీ కార్డులో మూడు నిమిషాలు మిగిలి ఉండగా పెద్ద సీను మొదలుపెట్టబోతే వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు: "సార్, చివరి ఇరవై అడుగులు."